ఐదు శాఖలు, ఒకే ప్రశ్నపత్రం: ఒక ఎర్త్ సిస్టమ్ సైన్స్ కోర్సును మళ్లీ కట్టిన తీరు

గాలి, సముద్రం, నేల, జీవజాలాన్ని ఒకే వ్యవస్థగా చూసే శాస్త్రం ఎర్త్ సిస్టమ్ సైన్స్. పీజీ విద్యార్థులకు ఐచ్ఛికంగా ఉన్న ఈ కోర్సును మార్చి రాసే పని మా చేతికి వచ్చేసరికి అది కొన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. భూగర్భశాస్త్రం, వాతావరణశాస్త్రం, సముద్రశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం శాఖల నుంచి ఒక్కొక్కరు వచ్చి, తమ వంతు వారాలు పాఠం చెప్పి, తమ వంతు ప్రశ్నలు రాసిచ్చి వెళ్లేవారు. ఎవరి పాఠం వారు శ్రద్ధగానే చెప్పేవారు. విద్యార్థుల అభిప్రాయ పత్రాల్లో ఫిర్యాదులు పెద్దగా ఉండేవి కావు. అయినా కోర్సు మార్చాల్సిందేనని మేం పట్టుబట్టాం. కారణం జవాబు పత్రాల్లో ఉంది.

ఒక్క ప్రశ్న తీసుకుందాం. పసిఫిక్ మహాసముద్రపు పై నీరు మామూలు కంటే వేడెక్కే ఎల్‌నినో వచ్చిన ఏడాది గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే వేగం ఏమవుతుంది, ఎందుకు? వేగం ఎక్కువవుతుందని చాలామంది సరిగ్గానే రాశారు. కారణం మాత్రం దాదాపు అందరూ ఒకటే రాశారు: పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతుంది, వేడి నీటిలో వాయువు తక్కువగా కరుగుతుంది, కాబట్టి సముద్రంలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. చదవడానికి చక్కగానే ఉంది. జరిగేది మాత్రం దీనికి తలకిందులు. మామూలు ఏళ్లలో వాణిజ్య పవనాలు పై నీటిని పడమరకు నెడుతుంటే, తూర్పు పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో కార్బన్ నిండుగా ఉంటుంది. పైకి రాగానే అందులో కొంత గాలిలో కలుస్తుంది. ఎల్‌నినోలో పవనాలు బలహీనపడతాయి, లోతు నీరు పైకి రావడం తగ్గుతుంది, దాంతో ఆ ప్రాంతం గాలికి ఇచ్చే కార్బన్ కూడా తగ్గుతుంది. సముద్రం తక్కువ ఇస్తున్నా గాలిలో కార్బన్ ఇంకా వేగంగా పెరుగుతోందంటే ఆ తేడా నేల నుంచి రావాలి. వాన తగ్గి, వేడి పెరిగి ఉష్ణమండల అడవులు తీసుకునే కార్బన్ తగ్గుతుంది. ఎండిన అడవులు, సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలలు అంటుకుంటాయి. 2015, 2016 సంవత్సరాల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి దాదాపు 3 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో మూడు) చొప్పున పెరగడం వెనక ఉన్నది ఇదే.

ఈ జవాబుకు కావలసిన ముక్కలన్నీ పాత సిలబస్‌లో ఉన్నాయి. పవనాలు ఒకరు చెప్పారు, లోతు నీరు పైకి రావడం ఇంకొకరు చెప్పారు, కిరణజన్య సంయోగక్రియ మరొకరు చెప్పారు. సముద్రం నుంచి తగ్గినది ఎంత, నేల నుంచి పెరిగినది ఎంత, రెండూ కలిపితే గాలిలో ఎంత అని లెక్క చూసే పని మాత్రం ఎవరి వారాల్లోనూ లేదు. ఆ పని చేయని కోర్సుకు ఎర్త్ సిస్టమ్ సైన్స్ అనే పేరు తగదని నా అభిప్రాయం. అది ఐదు పరిచయ కోర్సుల సంకలనం అవుతుంది, అంతే.

కొత్త చిక్కు కాదు

ఈ సమస్యకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1980లలో నాసా సలహా మండలి వేసిన ఎర్త్ సిస్టమ్ సైన్సెస్ కమిటీకి ఫ్రాన్సిస్ బ్రెథర్టన్ అధ్యక్షుడు. ఆ కమిటీ 1986లో, 1988లో ఇచ్చిన నివేదికల్లోని పటం ఇప్పటికీ బ్రెథర్టన్ డయాగ్రామ్ పేరుతో పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అందులో వాతావరణ భౌతిక ప్రక్రియలు, సముద్రం, నేల మీది జీవావరణం, జీవరసాయన చక్రాలు పెట్టెలుగా ఉంటాయి. ఆ పటం బలం పెట్టెల్లో లేదు, వాటి మధ్య గీసిన బాణాల్లో ఉంది. ఫలానా ఉపగ్రహం నుంచి వచ్చే కొలత ఏ బాణానికి పనికొస్తుంది అని అడగడానికి అది వీలు కల్పించింది. 1990లలో నాసా మద్దతుతో యూనివర్సిటీస్ స్పేస్ రీసెర్చ్ అసోసియేషన్ అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కోర్సులు తయారు చేయించింది. వేర్వేరు శాఖల అధ్యాపకులు కలిసి కోర్సు రాయడం దాని ముఖ్యోద్దేశాల్లో ఒకటి.

మన విశ్వవిద్యాలయాలు శాఖలుగా ఏర్పడ్డాయి. పోస్టులు, ల్యాబులు, ప్రమోషన్లు అన్నీ శాఖల వారీగానే. కాబట్టి పటాన్ని కోర్సుగా మార్చేటప్పుడు పెట్టెల్ని పంచుకోవడం సులువుగా జరిగిపోతుంది. బాణాలు ఎవరికీ చెందకుండా మిగిలిపోతాయి. మేం దీన్ని తిరగేయాలనుకున్నాం. పెట్టెల గురించి చదువుకోవడానికి ముందే నోట్సు ఇచ్చేస్తాం, తరగతి సమయమంతా బాణాలకే. ప్రతి బాణానికీ రెండు కొసలు ఉంటాయి కాబట్టి ప్రతి తరగతిలోనూ ఇద్దరు అధ్యాపకులు ఉండాలి. కోర్సు మొత్తానికి మేం పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

ఒకే పద్దు మీద అందరూ

బాణాలన్నిటి గురించీ చెప్పబోతే సెమిస్టర్ చాలదు. నీరా, శక్తా, నత్రజనా, కార్బనా అన్నదాని మీద చాలా చర్చ జరిగింది. చివరికి కార్బన్‌ను ఎంచుకున్నాం. కార్బన్ ఐదు శాఖల గుండానూ సాగుతుంది, పైగా దాని కొలతలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద మొదలుపెట్టిన కొలతల వరుస ఇప్పటికీ సాగుతోంది. 1959 సగటు 316 పీపీఎం, 2024 సగటు దాదాపు 424. ఈ వరుసను తొలి రోజే విద్యార్థుల కంప్యూటర్లలోకి దింపించాం. సెమిస్టర్ చివరిదాకా వాళ్లు దాంతోనే పని చేశారు.

మొదటి అభ్యాసం కాగితం మీద చేసేది. గత దశాబ్దపు సగటులు ఉజ్జాయింపుగా ఇచ్చాం. శిలాజ ఇంధనాలు, సిమెంట్ నుంచి ఏడాదికి సుమారు 10 గిగా టన్నుల కార్బన్ (ఒక గిగా టన్ను అంటే వంద కోట్ల టన్నులు), అడవుల నరికివేత లాంటి భూ వినియోగ మార్పుల నుంచి మరో 1. ఇందులో సముద్రం దాదాపు 3, నేల మీది మొక్కలూ మట్టీ దాదాపు 3 తీసుకుంటాయి. మిగిలిన 5 గాలిలో ఉండిపోతుంది. 1 పీపీఎం అంటే సుమారు 2.1 గిగా టన్నుల కార్బన్. కాబట్టి గాలిలో ఏడాదికి దాదాపు 2.4 పీపీఎం పెరగాలి. ఇప్పుడు మౌనా లోవా ఫైలు తెరిచి చూడమన్నాం. పదేళ్ల సగటు అంతే వస్తుంది. ఎక్కడెక్కడో, ఎవరెవరో కొలిచిన అంకెలు ఇలా ఒకచోట కలవడం చూసి తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్ద సమీకరణాలు ఏవీ లేకుండా, కూడికలు తీసివేతలతోనే భూగోళపు లెక్క సరిపోయిందన్న నమ్మకం మొదటి వారంలోనే వాళ్లకు కలగాలని మేం కోరుకున్నాం.

యూనిట్ల దగ్గర ఎంత సమయం పోయిందో చెప్పకపోతే ఈ కథనం అసంపూర్ణం. వాతావరణశాస్త్రం వాళ్లు పీపీఎంలో మాట్లాడతారు. సముద్ర రసాయనం చెప్పేవారికి కిలో నీటికి మైక్రోమోల్స్ కావాలి. వృక్షశాస్త్రంలో చదరపు మీటరుకు గ్రాములు. విధాన నివేదికలు చూస్తే కార్బన్ కాకుండా కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లో ఉంటాయి. 10 గిగా టన్నుల కార్బన్ అంటే దాదాపు 37 గిగా టన్నుల కార్బన్ డయాక్సైడ్ అని, 44ను 12తో భాగిస్తే వచ్చే 3.67తో గుణించాలని తెలియకపోతే విద్యార్థి రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి చదవలేడు. గుర్తుల గొడవ ఇంకొకటి. సముద్రంలోకి వెళ్లేది ప్లస్సా, గాలిలోకి వచ్చేది ప్లస్సా? మాలో ఇద్దరు సీనియర్లు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. చివరికి కోర్సు మొత్తానికీ ఒకే యూనిట్, ఒకే గుర్తు అని రాతపూర్వకంగా పెట్టుకున్నాం: గిగా టన్నుల కార్బన్, గాలిలోకి చేరితే ప్లస్. తన పుస్తకంలోని అంకెను ఈ రూపంలోకి మార్చకుండా ఏ అధ్యాపకుడూ స్లయిడ్ చూపించకూడదు. చిన్న నిబంధనలా కనిపిస్తుంది కానీ కోర్సును ఒక్కటిగా నిలబెట్టింది ఇదే అనుకుంటాను. మార్చేటప్పుడు ఆ అంకె మిగతా పద్దులో ఎక్కడ కూర్చుంటుందో అధ్యాపకుడు కూడా చూసుకోక తప్పదు.

తరగతి గదిలోని గాలి

నిల్వ వేరు, ప్రవాహం వేరు అన్న సంగతి చెప్పగానే అందరూ తలూపుతారు. లెక్క చేయమంటే తడబడతారు. ఇది చదువులో వెనకబడ్డవాళ్ల సమస్య కాదు. ఎంఐటీలో జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ పీజీ విద్యార్థులతో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒక మట్టం దగ్గర నిలకడగా ఉండాలంటే ఉద్గారాలు ఎలా ఉండాలో గీయమంటే, అత్యధికులు ఉద్గారాలు శోషణ కంటే ఎక్కువగానే ఉన్నట్టు గీశారు. వచ్చేది పోయేదానికంటే ఎక్కువైతే నిల్వ పెరుగుతూనే ఉంటుందన్న సంగతి మంచి గణితం వచ్చినవాళ్లకు కూడా తట్టలేదు. మా తరగతిలోనూ ఇదే జరిగింది. ఉద్గారాలు పెరగడం ఆగితే గాలిలో మట్టమూ ఆగుతుందని సగానికి పైగా చేతులెత్తారు.

మాటలతో దీన్ని సరిదిద్దడం కష్టం. అందుకే తరగతి గదినే ప్రయోగంగా మార్చాం. ఒక కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి, తలుపులూ కిటికీలూ మూసి, నిమిషానికోసారి రీడింగ్ నమోదు చేయించాం. బయటి గాలిలో 420 పీపీఎం దరిదాపు ఉంటే, మనిషి వదిలే ఊపిరిలో దాదాపు 40,000 ఉంటుంది. తరగతి ముగిసేలోపే గది గాలి 1,000 దాటుతుంది. అక్కడ ఉన్నవారి సంఖ్య మారలేదు, అంటే ఉద్గారం స్థిరంగా ఉంది. అయినా మట్టం పెరుగుతూనే ఉంది. మధ్యలో సగం మందిని బయటికి పంపాం. మట్టం వెంటనే తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తగ్గలేదు, మునుపటికంటే నెమ్మదిగా పెరిగింది. తర్వాత కిటికీలు తీశాక గానీ కిందికి రాలేదు.

ఆ రీడింగులతో గది గాలి ఎంత వేగంగా మారుతోందో లెక్కకట్టమన్నాం. భౌతికశాస్త్ర నేపథ్యం ఉన్నవాళ్లు అవకలన సమీకరణం రాసుకున్నారు. మిగతావాళ్లు స్ప్రెడ్‌షీట్‌లో వరుసగా చేశారు: ఈ నిమిషపు నిల్వ అంటే పోయిన నిమిషపు నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేయడం. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే వచ్చింది. గణితం ఎక్కువ వచ్చినవాళ్లు, తక్కువ వచ్చినవాళ్లు ఉన్న తరగతిలో ఏం చేయాలన్న టెన్షన్ మాకు మొదటి నుంచీ ఉంది. ఈ అభ్యాసంతో అది చాలావరకు తీరింది. స్ప్రెడ్‌షీట్‌లో చేయగలిగితే చాలు, సమీకరణం వచ్చినవారు దాన్ని బోర్డు మీద పక్కన రాస్తారు. తర్వాత వచ్చిన కార్బన్ చక్రం నమూనా కూడా ఇదే వరుస. గాలి, నేల, పై సముద్రం, లోతు సముద్రం అని నాలుగు నిల్వలు ఉంటాయి, అంతే తేడా.

ప్రయోగం తర్వాత వచ్చిన చర్చ ఇంకా విలువైనది. గదికి కిటికీ ఉంది, భూమికి కిటికీ ఏది? సముద్రమా? పై సముద్రంలో దాదాపు 900 గిగా టన్నుల కార్బనే ఉంది, లోతు సముద్రంలో 37,000. అంత పెద్ద నిల్వ అందుబాటులో ఉంటే గాలిలోది త్వరగా ఎందుకు పోదు? పై నీరు లోతు నీటితో పూర్తిగా కలవడానికి వందల నుంచి వెయ్యేళ్ల దాకా పడుతుందని సముద్రశాస్త్ర అధ్యాపకురాలు చెబితే, పై నీరు కార్బన్ తీసుకునే కొద్దీ దాని రసాయన సామర్థ్యమే తగ్గుతుందని రసాయనశాస్త్ర అధ్యాపకుడు అందుకున్నారు. ఒకరి వాక్యం మధ్యలోంచి ఇంకొకరు కొనసాగించారు. ఇద్దరు అధ్యాపకులు ఒకే తరగతిలో ఉండాలని మేం కోరుకున్నది ఇందుకే.

భూగర్భశాస్త్రం అభ్యంతరం

అందరూ సుముఖంగా లేరు. మా భూగర్భశాస్త్ర సహోద్యోగి అభ్యంతరం న్యాయమైనది. ఏడాది పద్దు పెట్టుకుంటే అగ్నిపర్వతాలు, శిలల క్షయం, అవక్షేపాలు అన్నీ సున్నా దగ్గర పడిపోతాయి. అగ్నిపర్వతాలు ఏడాదికి వదిలే కార్బన్ మానవ ఉద్గారాల్లో 1 శాతం దాటదు. ఇలా చూస్తే కోర్సులో భూగర్భశాస్త్రం అవసరమే లేదని విద్యార్థి అనుకుంటాడు. కోటి ఏళ్ల పద్దులోనేమో భూగర్భశాస్త్రం తప్ప మరేదీ కనిపించదు.

దీనికి జవాబుగా కాలప్రమాణాల మీద ఒక వారం చేర్చాం. ఇప్పుడు వెనక్కి చూస్తే కోర్సులో అన్నిటికంటే బరువైన వారం ఇదే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో దాదాపు 590 గిగా టన్నుల కార్బన్ ఉండేది. నేలతో, సముద్రంతో కలిపి ఏడాదికి ఇచ్చిపుచ్చుకునేది సుమారు 170. భాగిస్తే మూడున్నరేళ్లు వస్తుంది. అంటే గాలిలోని ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు సగటున నాలుగేళ్లలోపే ఎక్కడికో వెళ్లిపోతుంది. మరి మనం అదనంగా వదిలిన కార్బన్ కూడా నాలుగేళ్లలో పోతుందా? ఈ ప్రశ్న వేసి విద్యార్థులను రెండు జట్లుగా విడదీశాం. పోతుందని వాదించిన జట్టు అంకెలు సరైనవే. కానీ ఒక అణువు వెళ్తే దాని బదులు ఇంకొకటి తిరిగి వస్తుందని, అదనపు నిల్వ తగ్గాలంటే మొత్తం సమతౌల్యం మారాలని వాళ్లు తమ నాలుగు నిల్వల నమూనాలో నడిపి చూసుకున్నాకే ఒప్పుకున్నారు. అదనంగా వదిలిన దానిలో 15 నుంచి 40 శాతం వెయ్యేళ్ల తర్వాత కూడా గాలిలోనే ఉంటుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ అంచనా. ఆ మిగిలిన భాగాన్ని చివరికి లాగేసేది శిలల క్షయం, అది లక్షల ఏళ్ల పని. దాదాపు 5.6 కోట్ల సంవత్సరాల క్రితం పెద్దమొత్తంలో కార్బన్ విడుదలై భూమి 5 డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడు తేరుకోవడానికి లక్ష నుంచి రెండు లక్షల ఏళ్లు పట్టిందని అవక్షేపాలే చెబుతున్నాయి. ఆ ఆధారం చూపించగలిగేది భూగర్భశాస్త్రం ఒక్కటే. మా సహోద్యోగి ఆ వారం అవక్షేప పొరల చిత్రాలు తెచ్చి, నమూనా గీసిన వంపు పక్కన పెట్టారు. తన శాఖ ఎక్కడ అవసరమో ఆయనకూ, విద్యార్థులకూ ఒకేసారి తెలిసింది.

ఎల్‌నినోకు తిరిగి

పాత జవాబు పత్రాల్లో దెబ్బతిన్న ఎల్‌నినో ప్రశ్నను ఇప్పుడు మూడు వారాల ప్రాజెక్టుగా మార్చాం. విద్యార్థులు మౌనా లోవా వరుస నుంచి ఏటేటా పెరుగుదల తీశారు, పసిఫిక్ ఉష్ణోగ్రత సూచికతో పక్కన పెట్టి గీశారు. సూచిక పెరిగిన కొన్ని నెలలకు కార్బన్ పెరుగుదల ఎక్కువవడం కంటికే కనిపిస్తుంది. ఆ ఆలస్యం దేని వల్ల అన్నది మొదటి ప్రశ్న. పెరిగినది నేలదా, సముద్రానిదా అన్నది రెండోది.

రెండో ప్రశ్నకు రసాయనశాస్త్రం ఇచ్చిన ఆధారం అందమైనది. మొక్కలు బరువైన కార్బన్-13 కంటే తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి. కాబట్టి మొక్కల నుంచి వచ్చిన కార్బన్ గాలిలో కలిస్తే కార్బన్-13 నిష్పత్తి తగ్గుతుంది. సముద్రం నుంచి వస్తే అంతగా మారదు. మంటల సంగతి కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే ఉపగ్రహాలు చెబుతాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడానికి నాసా 2014లో ప్రయోగించిన ఓసీవో-2 ఉపగ్రహం 2015-16 ఎల్‌నినోను దాదాపు మొదటి నుంచీ చూసింది. తొలి నెలల్లో పసిఫిక్ నుంచి విడుదల తగ్గడం, ఆ తర్వాత ఉష్ణమండల నేలల నుంచి పెరగడం రెండూ ఆ కొలతల్లో ఉన్నాయి. సముద్రం వేడెక్కి వాయువు వదిలిందని మొదటి వారం రాసిన విద్యార్థి మూడో వారంలో తన వాక్యాన్ని తనే కొట్టేసి, పక్కన బాణం గీసి, గుర్తు మైనస్ పెట్టడం చూశాను. అధ్యాపక వృత్తిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన విషయాల్లో ఇదొకటి.

అయితే విద్యార్థులు కొత్త సూత్రాన్ని కూడా బట్టీ పట్టే ప్రమాదం ఉంటుంది. అందుకని చివరి పరీక్షలో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం గురించి ప్రశ్న ఇచ్చాం. 1991 జూన్‌లో ఆ అగ్నిపర్వతం పేలి 1.5 నుంచి 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను వాతావరణపు పై పొరైన స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపింది. భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. 1991-92లో ఎల్‌నినో కూడా నడిచింది. నేర్చుకున్న సూత్రం ప్రకారం కార్బన్ పెరుగుదల ఎక్కువవ్వాలి. రికార్డులో చూస్తే 1992లో అది 1 పీపీఎం లోపే ఉంది. ఎందుకో వివరించండి, మీ వివరణను పరీక్షించడానికి ఏ కొలత కావాలో చెప్పండి. ఇదీ ప్రశ్న. చల్లదనానికి మట్టిలో శ్వాసక్రియ తగ్గడం, సల్ఫేట్ కణాలు ఎండను చెదరగొట్టడంతో ఆకుల కింది పొరలకు కూడా వెలుగు చేరి కిరణజన్య సంయోగక్రియ పెరగడం అని రెండు ప్రధాన వివరణలు శాస్త్రంలో ఉన్నాయి. రెంటిలో ఏదో ఒకదాన్ని తమంతట తాము చేరినవాళ్లు గణనీయంగానే ఉన్నారు. చేరనివాళ్లు కూడా సూత్రం ఎక్కడ విఫలమైందో చెప్పి, నేల బాణం గుర్తు మారి ఉండాలని రాశారు. పాత పత్రాలతో పోలిస్తే ఇది మరో స్థాయి.

పరీక్ష, వర్క్‌లోడ్

కోర్సు మారిందా లేదా అన్నది ప్రశ్నపత్రమే తేలుస్తుంది. శాఖల వారీగా ప్రశ్నలు ఉంటే విద్యార్థి శాఖల వారీగానే చదువుతాడు, తరగతిలో మనం ఏం చెప్పినా సరే. అందుకే ఐదుగురమూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని పత్రం తయారు చేశాం. ఒక్క శాఖ వాళ్లే పూర్తిగా జవాబు రాయగల ప్రశ్న వస్తే తీసేశాం. ప్రతి జవాబునూ రెండు వేర్వేరు శాఖల వాళ్లు దిద్దారు. ఫలితం సరిగ్గా ఉండి కారణం తప్పయితే సగం మార్కులు కూడా రావు. కారణం సరిగ్గా ఉండి అంకె కొంచెం అటూ ఇటూ అయితే దాదాపు పూర్తి మార్కులు. దిద్దేటప్పుడు ఇద్దరి మధ్య తేడా వచ్చిన జవాబుల మీదే మాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పోయింది. మేం ఒకరి శాఖను ఒకరం నిజంగా నేర్చుకున్నది అక్కడే.

ఈ పద్ధతి ఖరీదైనదని ఒప్పుకోవాలి. ఒక గంట తరగతికి ఇద్దరు అధ్యాపకులు కూర్చుంటే టైమ్‌టేబుల్ ఒక్కరి గంటగానే లెక్కిస్తుంది. రెండో వ్యక్తి సమయం ఎక్కడా నమోదు కాదు. రెండో అధ్యాపకుడి గంటను ప్రాక్టికల్ గంటగా రాసుకునే ఏర్పాటు అకడమిక్ కౌన్సిల్‌లో ఆమోదం పొందాకే ఇది సాధ్యమైంది. ఆ ఆమోదం లేకుండా మంచితనం మీద నడిపితే కోర్సు ఒకటి రెండు బ్యాచ్‌లకు మించి నిలవదు. ఇలాంటి కోర్సు పెట్టాలనుకునే శాఖలు సిలబస్ రాయడానికి ముందే ఈ గంటల లెక్క తేల్చుకోవాలి.

వదులుకున్నవి

పాత సిలబస్‌లోని అంశాల్లో చాలా పోయాయి. భూమి శక్తి సమతౌల్యాన్ని ఒక తరగతికి కుదించాం: చదరపు మీటరుకు సగటున 340 వాట్ల ఎండ, అందులో 30 శాతం వెనక్కి, హరితగృహ ప్రభావం లేకపోతే మైనస్ 18 డిగ్రీలు, నిజానికి ఉన్నది 15. ఇంతకంటే లోతుకు వెళ్లలేదు. నత్రజని చక్రం పూర్తిగా పోయింది. ఓజోన్ రంధ్రం పోయినందుకు నాకు బాధగానే ఉంది. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్తలు దాన్ని ప్రకటించడం, ధ్రువ ప్రాంతపు మేఘ కణాల మీద జరిగే రసాయన చర్యలు బయటపడటం, 1987లో ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదరడం, ఇవన్నీ కలిస్తే వ్యవస్థను అర్థం చేసుకుని చర్య తీసుకున్న కథ ఒకటి పూర్తిగా దొరుకుతుంది. దాన్ని ఐచ్ఛిక ప్రాజెక్టుగా ఉంచాం. తీసుకున్నవాళ్లు కొద్దిమందే. విస్తృతి తగ్గిందన్న విమర్శ శాఖల సమావేశాల్లో ఇప్పటికీ వస్తోంది. అందులో నిజం ఉంది. అయినా ఒక్క పద్దును చివరిదాకా పట్టుకుని లెక్క సరిపోయేదాకా వెళ్లిన విద్యార్థి నత్రజని పద్దును సొంతంగా కట్టుకోగలడని నేను నమ్ముతాను. ఐదు పద్దులను పైపైన చూసిన విద్యార్థికి అది కష్టం.

తీరని లోటు ఇంకొకటి ఉంది. మా నమూనాలో మానవ ఉద్గారాలు బయటి నుంచి వచ్చే అంకె మాత్రమే. బ్రెథర్టన్ పటంలోనూ మానవ కార్యకలాపాలు ఒక అంచున పెట్టెగానే ఉంటాయి. ఉద్గారాలు ఎందుకు అంత ఉన్నాయి, ఎందుకు మారతాయి అన్నది విద్యార్థులు అడిగినప్పుడు మా ఐదుగురిలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. జపాన్ ఆర్థికవేత్త యోయిచి కాయా పేరుతో ఉన్న సమీకరణం దీనికి మంచి మొదలు: జనాభా, తలసరి ఉత్పత్తి, ఆ ఉత్పత్తికి పట్టే శక్తి, ఆ శక్తిలోని కార్బన్. నాలుగూ గుణిస్తే ఉద్గారం వస్తుంది, మా స్ప్రెడ్‌షీట్‌లోని మొదటి గడిలో నేరుగా కూర్చుంటుంది. వచ్చే బ్యాచ్‌కు అర్థశాస్త్ర శాఖ చేరడానికి ఒప్పుకుంది. ముందు వాళ్లు తమకంటూ విడిగా రెండు వారాలు అడిగారు. విడి వారాలు లేవని, వృక్షశాస్త్రం వాళ్లతో కలిసి భూ వినియోగ మార్పు బాణాన్ని చెప్పాలని, ప్రశ్నపత్రం టేబుల్ దగ్గరికి రావాలని కోరాం. తమ అంకెలను గిగా టన్నుల కార్బన్‌లోకి మార్చడం వాళ్లు ఇప్పటికే మొదలుపెట్టారు.